రాసినవారు: తెలియదు

“ఈ చీటీ తీసెయ్యి మేడం. అబద్ధం రాసిండ్రు.”

కైనాత్ తలెత్తి చూసింది. అరబ్బు దేశంలో, సఖీర్‌లోని యూనివర్సిటీ లైబ్రరీలో ఆమె ఉద్యోగం, జాతినీ రంగునూ దేశాన్నీ చూసి మనుషులను తక్కువ చేసిన కాలపు ఆనవాళ్లను సేకరించి భద్రపరచడం. కూలీల క్యాంపు ఫోటోలు, ఉత్తరాలు, మాటల రికార్డింగులు. వాటిలో కొన్నింటిని ఆ వారమే కింది హాల్లో ప్రదర్శనకు పెట్టి, తన డెస్కు కూడా అక్కడే వేయించుకుంది.

ఎదురుగా నిలబడ్డ మనిషికి యాభై అయిదేళ్లుంటాయి. మెయింటెనెన్స్ కంపెనీ యూనిఫాం మీద నర్సింగ్ అన్న పేరుంది. ఏసీ బాగుచేయడానికి వచ్చి, అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయాడు.

పెట్టెలో ఉన్నది రేకు బోర్డు. అరబ్బీలో, ఇంగ్లీషులో, తెలుగులో ఒకే మాట: “ఇండియా, బంగ్లా వాళ్లు లోపలికి రావద్దు.” దాని కింద కైనాత్ అంటించిన చీటీ: “బుదైయా విల్లాల సైటు, 1999. తెలుగు రాసినవారు: తెలియదు.”

“ఏది అబద్ధం కాకా?” అంది కైనాత్. ఆమెది బోధన్ అని అక్కడ పనిచేసే తెలుగువాళ్లందరికీ తెలుసు.

“తెలియదు అని రాసినవు గదా, అది. రాసినోడికి పేరు లేదా?”

“ఇది తుక్కు దుకాణంల దొరికింది. ఎవరు రాసిండ్రో చెప్పేటోళ్లు దొరకలే.”

“ఆ సైటు మీద నేనున్న. అడుగు, చెప్తా.”

ఆమె కుర్చీ జరిపింది. అతను కూర్చోలేదు.

“ఈ బోర్డు ఉన్న రూము ఆఫీసు స్టాఫుది. ఏసీ, చల్లటి నీళ్లు. ముందుగాల బోర్డు మీద అరబ్బీ, ఇంగ్లీషే ఉంటుండె. మాకు చదువ రాదని చెప్పి మనోళ్లు లోపలికి పోయి నీళ్లు తాగొస్తుండిరి. అది చూసి మేనేజరు కింద తెలుగు రాయించిండు. ఇగ తెల్వదనడానికి లేదు.”

“అంత పంతమా,” అంది కైనాత్.

“మల్లేష్ అని నా రూముల ఉంటుండె. మా పక్క ఊరోడు. ఈడికి వచ్చేనాటికి వేలిముద్ర. శుక్రారం శుక్రారం నేనే కూసోబెట్టి అక్షరాలు నేర్పిన. పెండ్లానికి సొంతంగ ఉత్తరం రాయాలని వాని ఆశ. ఆరు నెలలకు కూడబలుక్కొని చదువుడు వచ్చింది.”

నర్సింగ్ అద్దాల పెట్టె వైపు తిరిగాడు.

“జులై నెల. పొద్దుగాలటి సంది సిమెంటు మోస్తుండె. కండ్లు తిరుగుతున్నయన్నడు. నేను మూడో అంతస్తుల ఉన్న, పైనుంచి చూస్తున్న. ఆ రూము దిక్కు పోయిండు. తలుపు ముంగట నిలబడి, బోర్డు మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం చదివిండు. చదివి వెనక్కి మర్లిండు. సిమెంటు బస్తాల పక్కన కూసున్నడు. మేం దిగొచ్చేసరికి ఖలాస్.”

ఆ బోర్డును ప్రదర్శనకు పెట్టడానికే కైనాత్ నెల రోజులు పోట్లాడింది. పాత సంగతులు ఎందుకు తవ్వుతావని అడగనివాళ్లు లేరు.

“చదువు నేర్పుడు తప్పు కాదు కాకా,” అంది చివరికి. “నువ్వు దాన్ని మనసుల పెట్టుకోకు.”

“నేర్పుడు తప్పని నేనన్ననా?” అతను కసురుకున్నాడు. “రాసినోడి సంగతి మాట్లాడు.”

“రాసినాయన గూడ మనలాంటి లేబరే అయ్యుంటడు. మేనేజరు చెప్తే రాసిండు. ఆ గరీబోని పేరు పెడితే, రాయించినోళ్లు తప్పించుకుంటరు.”

“రాయించినోళ్ల పేరు పెట్టు, వద్దన్ననా? వీనిది సుత పెట్టు. రాయనంటే వాణ్ని కొడ్తుండిరా? ఎండల పనిచేసుడు తప్పుతదని ఒప్పుకున్నడు. ఒక రోజంతా నీడల కూసొని, గీతలు కొట్టుకొని, ఎంత ముద్దుగ రాసిండో చూడు. ఆ ‘ద్దు’ చూడు. వత్తు సుత వంకర పోలే.”

కైనాత్ చూసింది. నిజమే, అక్షరాలు బడి పుస్తకంలోవిలా గుండ్రంగా ఉన్నాయి. వాటిని అంత శ్రద్ధగా దిద్దిన చేతి మీద ఆమెకు మొదటిసారి అసహ్యం కలిగింది.

“అయినంక ఎవరూ అడగలేదా ఆయన్ని?”

“పోలీసులు వచ్చిండ్రు. గుండె ఆగి పోయిండని రాసుకున్నరు. బోర్డు సంగతి వాళ్లూ అడగలే, మనోళ్లూ ఎత్తలే. వాడు గూడ అందరితోని కలిసి శవపెట్టె మోసిండు. మల్లేష్ పెండ్లాం ఫోన్ చేస్తే ఓదార్చిండు. సిగ్గు లేనోడు.”

కైనాత్ డెస్కు తెరిచి ఒక కాగితం తీసింది. ఇప్పుడు ఆ పేరు ఆమెకూ కావాలి.

“ఊరికె పేరు పెట్టనియ్యరు కాకా. కండ్లతోని చూసినోళ్లు రాసి ఇయ్యాలె. ఈ పై గడిల బోర్డు రాసినాయన పేరు. కింది గడిల సాక్షిగ నీ పేరు. రేప్పొద్దున ఎవరన్న అడిగితే నిలబడ్తవా?”

“నిలబడ్త. అందుకే వచ్చిన.”

అతను అప్పుడు కూర్చున్నాడు. పెన్ను నొక్కి పట్టి, తొందర లేకుండా రాశాడు. ఒకచోట కాగితం చిరిగింది. రాయడం అయ్యాక కాగితాన్ని బోర్లించి ఆమె వైపు తోశాడు.

“రేపు డ్యూటీకి వచ్చేసరికి చీటీ మారాలె బిడ్డా,” అని లేచి, పనిముట్ల సంచీ భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

అతను తలుపు దాటేదాకా చూసి, కైనాత్ కాగితం తిప్పింది.

రెండు గడుల్లోనూ ఒకే పేరు ఉంది.