పక్కకు తిప్పిన చేతులు

నర్స్ ఎయిడ్ శిక్షణలో ఆ అమ్మాయికి అది మొదటి రాత్రి డ్యూటీ. పక్షవాతంతో మంచాన పడిన మామ్మగారిని పక్కకు తిప్పావా అని సిస్టర్ అడిగితే, "తిప్పానండీ" అంది. నిజానికి కుర్చీలో కునుకు తీసింది.

సిస్టర్ పై అంతస్తుకు వెళ్ళాక మనసు ఊరుకోలేదు. ఆ వీపు పుండు పడితే పాపం ఎవరిది? చప్పుడు కాకుండా వార్డులోకి వెళ్ళింది.

మామ్మగారు గోడవైపు తిరిగి ఉన్నారు. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య మరొకటి. అంతా క్లాసులో నేర్పినట్టే ఉంది. కానీ ఆ రాత్రి వార్డులో డ్యూటీ సిస్టర్‌దీ, తనదీ మాత్రమే.

"మిమ్మల్నెవరు తిప్పారు మామ్మగారూ?"

"అదేంటమ్మా, నువ్వేగా? చేతులే, అబ్బ, ఐసుముక్కల్లా ఉన్నాయి. పక్కావిడ్ని కూడా తిప్పాలంటూ వెళ్ళావు."

పక్క మంచం ఆవిడ్ని కూడా తిప్పాలన్న సంగతే ఆ అమ్మాయి మర్చిపోయింది. సిగ్గుతో తల వాలిపోయింది. మామ్మగారికి నిజం చెప్పేద్దామనుకుంది.

అంతలో పక్క మంచానికి అడ్డుగా ఉన్న తెర అవతల ఎవరో దుప్పటి సర్దుతున్నారు. తర్వాత మెల్లగా, ఓపిగ్గా మాట వినిపించింది.

"కాస్త ఓర్చుకోండమ్మా. ఇందాకే రావాల్సింది. తప్పు నాదే."

ఆ గొంతు తనదే. తెర తొలగించి చూడడానికి ఆమెకు చెయ్యి రాలేదు.