గోడ మీది ఓడ

"బొమ్మేదీ?"

మెట్లు దిగుతున్న హరనాథ్ మధ్యలోనే ఆగిపోయాడు. లివింగ్ రూమ్ గోడకి మేకు ఒక్కటే మిగిలింది.

కోటు బొత్తాలు పెట్టుకుంటున్న భార్య వసుమతి తలెత్తలేదు. "ట్రాష్‌లో పడేశా. ఇందాకే ట్రక్ వచ్చి తీసుకెళ్ళిపోయింది."

"నన్నడక్కుండానా?"

"అడిగితే ఒప్పుకుంటారా? జపాన్ కార్ల దెబ్బకి ఉద్యోగం పోయినవాళ్ళెవరైనా జపాన్ బొమ్మని గోడకి పెట్టుకుని పొద్దస్తమానం చూస్తూ కూచుంటారా? అందులోనూ ఓడ పగిలి, జనం మునిగిపోతున్న బొమ్మ!"

హరనాథ్ చెప్పుల్లేకుండానే బయటికి పరుగెత్తాడు. మంచులో చక్రాల జాడలు తప్ప ఏమీ లేవు. ఎదురింటి ముందు 'ఫర్ సేల్' బోర్డు గాలికి కిర్రుమంటోంది. కార్ల కంపెనీలనే నమ్ముకున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ చలికాలం అలాంటి బోర్డు లేని వీధి లేదు. కార్ల కంపెనీ అతన్ని వేసవిలోనే పంపించేసింది. ఆ తర్వాత ఎక్కడికి అప్లై చేసినా ఉలుకూ పలుకూ లేదు.

తిరిగొచ్చి సోఫాలో కూలబడ్డాడు.

"అందులో ఓ మూల ఒకడున్నాడు, చూశావా? విరిగిన తెరచాప కొయ్యని కావలించుకుని ఉంటాడు. అంత పెద్ద అల వాడి నెత్తిమీదే ఉంది. రోజూ లేవగానే వాణ్ణే చూసేవాణ్ణి. వీడింకా వదల్లేదు కదా, ఇవాళ్టికి నేనూ వదలకూడదు అనుకునేవాణ్ణి."

వసుమతి చేతులు ఆగిపోయాయి. "వదలడమంటే?"

అతను కిటికీ వైపు తల తిప్పేసుకున్నాడు. ఆమెకి అర్థమైంది. పక్కన కూర్చుని అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకు తెలీలేదండీ. నాకు మునిగేవాళ్ళే కనపడ్డారు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపు చూసి హరనాథ్‌కి తనమీద తనకే సిగ్గేసింది.

"ఊరుకో వసూ. పోతే పోయింది వెధవ బొమ్మ. నువ్వున్నావు, నీ ఉద్యోగం ఉంది. ఈ ఇల్లు ఇంకా నిలబడిందంటే నీవల్లే కదా. లే, ఆఫీస్‌కి లేటవుతుంది."

వసుమతి లేవలేదు. పెట్టుకున్న బొత్తాలు ఒక్కొక్కటే విప్పేసింది.

"ఏం, వెళ్ళవా?"

"వారం నుంచీ మాల్ పార్కింగ్ లాట్‌లో కూచుని వస్తున్నానండీ" అంది. "నన్నూ తీసేశారు."