మాస్టారి కళ్ళజోడు

"పన్నెండు! ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంటూ ట్యూషన్ మాస్టారు మా అమ్మాయి నెత్తిన మొట్టికాయ వేశాడు.

కుంభాకార కటకం నాభ్యంతరం ఇరవై సెంటీమీటర్లు, వస్తువు ముప్ఫై దూరాన ఉంది. ప్రతిబింబం ఎక్కడ పడుతుందని లెక్క. పిల్ల అరవై అని రాసింది.

నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసేదాన్ని. ఉండబట్టలేక, "అరవయ్యే కదండీ," అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "రాత్రింబవళ్ళు చదివి చదివి ఈ జోడు తెచ్చుకున్నవాణ్ణమ్మా. మీరా నాకు చెప్పేది?"

"అంత మాటెందుకండీ? ఆ జోడు ఇలా ఇవ్వండి, అద్దంతోనే చూపిస్తా."

ఆయన వెనక్కి జరిగాడు. పిల్ల చటుక్కున లాగి నా చేతిలో పెట్టింది.

షాపు అలవాటు కొద్దీ ముందు పవర్ చూద్దామని, నోటుబుక్కులో గీత మీద పట్టి అటూ ఇటూ కదిపాను. పవరున్న అద్దమైతే లోపల గీత కూడా కదులుతుంది. ఇందులో ఇసుమంతైనా కదల్లేదు. ఉత్త గాజు.

కొంగుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ ఆయన ముక్కు మీదే పెట్టాను.

"దిగులు పడకండి మాస్టారూ. లోపం మీ కళ్ళల్లో మాత్రం లేదు."