పార్కు పక్క వీధి

"కౌలాలంపూర్‌లో పిల్లలతో ఉండటానికి భయం లేని పేట ఏది తమ్ముడూ?" కుర్చీలో కూర్చోకముందే అడిగింది సబీహా.

నరసరావుపేట బస్టాండు దగ్గర చిన్న టూర్ల ఆఫీసు అది. దాన్ని నడిపే జయకృష్ణ ఆమెకు మంచినీళ్లిచ్చి, కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు.

"ఇద్దరు పెద్దోళ్లు, ఒక పాప. ఐదు రోజులు. అంతేగదక్కా?"

"అంతే."

ముందుగా బజారు దగ్గర హోటల్ చూపించాడు. పదిహేనో అంతస్తు.

"బాల్కనీ ఉందా?"

"ఉంది. ఊరంతా కనపడుద్ది."

"అయితే వద్దు. అల్ఫియా కుర్చీ వేసుకుని మరీ ఎక్కుద్ది."

రెండోది మెయిన్ రోడ్డు మీద. అదీ వద్దంది.

"బండి చప్పుడైతే చాలు, అన్నం ముందు నుంచైనా లేచి బయటికి ఉరుకుద్ది మా పిల్ల. పిడుగురాళ్లలో మా సందులో అందరికీ తెలుసు గనక పట్టుకుంటారు. అక్కడెవరు పట్టుకుంటారు?"

అల్ఫియాకు ఏడేళ్లు. సున్నపు బట్టీల దుమ్ముకో ఏమో, మూడో ఏటి నుంచే ఆయాసం. ఆసుపత్రి ఎంత దూరమో, ఏ వేళప్పుడు పోయినా డాక్టరు ఉంటాడో లేదో కూడా అడిగింది సబీహా. జయకృష్ణ ఓపిగ్గా వెతికాడు. చివరికి పార్కు పక్క వీధిలో ఒక చిన్న హోటల్ దొరికింది.

"మంచాలు విడివిడిగానా?"

"రెండు మంచాలక్కా."

"కలిపి వేయమని రాయి. చెయ్యి పట్టుకుంటేగాని నిద్రపోదు."

ఆ వీధి ఫొటోలు తెర మీద తెరిచాడు జయకృష్ణ. మౌస్ నొక్కేకొద్దీ వీధి ముందుకు జరుగుతోంది. సబీహా తెరకు దగ్గరగా వంగింది. పళ్ల కొట్టు. పసుపు రంగు గోడ. పార్కు గేటు. ఎక్కడ రోడ్డు దాటాలో వేలు పెట్టి చూసుకుంది.

"ఇంకోసారి మొదటి నుంచి చూపించు."

మూడుసార్లు చూపించాడు. "పోయినాక చూసుకుంటార్లే అక్కా," అన్నాడు మెల్లగా.

ఆమె వినిపించుకోలేదు. "ఆ గది కిటికీలోంచి ఏం కనపడుద్ది?"

"చెట్లు కనపడతయ్యంట."

ఇంతలో అల్ఫియా నాన్న ఐజాజ్ ఫోన్ చేశాడు. జయకృష్ణ స్పీకర్ నొక్కాడు.

"ఏందయ్యా, ఇంకా తేలలా? బజారు పక్కదే ఖాయం చెయ్యి. షాపింగుకి బాగుంటది."

"వద్దు," అంది సబీహా. "పార్కు పక్కదే."



"సరే, నీ ఇష్టం. నువ్వు ఊఁ అంటేనే గదా కదిలేది."

"పిల్ల మందు సంచి విమానంలో చేతిలోనే ఉండాల. లగేజీలో వెయ్యొద్దు."

"ఎన్నిసార్లు చెప్తావే?" ఫోన్ పెట్టేశాడు ఐజాజ్.

సబీహా పైటచెంగుతో ముఖం ఒత్తుకుంది. జయకృష్ణ చూడనట్టు ప్రింటర్ వైపు తిరిగాడు. కాయితాలు తీసి ఆమె ముందు పెట్టాడు.

"పేర్లు చూడండక్కా. ఒక్కక్షరం తేడా వచ్చినా ఎయిర్‌పోర్టులో ఆపుతారు."

ఐజాజ్ పేరు, అల్ఫియా పేరు చూశాక, తనను వదిలేసి ఐజాజ్ నిఖా చేసుకున్న అమ్మాయి పేరు కూడా ఒక్కో అక్షరమే సరిచూసి, 'పాపను పంపడానికి నాకు అభ్యంతరం లేదు' అని ఉన్న కాయితం మీద సబీహా సంతకం పెట్టింది.