సర్టిఫికెట్ లేని మొక్క

"ప్రకృతికి హాని చెయ్యదని సర్టిఫికెట్ ఉన్న సరుకే ఆఫీసుకి కొనాలమ్మా. కొత్త రూలు," అన్నాడు మండలాఫీసు సూపరింటెండెంట్ లోకనాథ్.

"ఇది మొక్కండి బాబూ!" అంది కడియం నర్సరీ నాగదుర్గ, పర్యావరణ దినోత్సవానికి తెచ్చిన వేపమొక్కను చూపిస్తూ.

"కనపడుతోంది. కాగితం ఏది?"

కాగితమున్న మొక్క అప్పటికే వచ్చేసింది. పాత సీసాలు కరిగించి చేసిన ప్లాస్టిక్ మొక్క. ఆఫీసు ముందున్న గోతిలో పెద్దాఫీసరు దాన్ని నాటి, బిందెడు నీళ్లు పోశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాగదుర్గ కళ్లు తుడుచుకుంది.

"బాధపడకమ్మా. కాగితం తెచ్చుకో, వచ్చే ఏడు నీ మొక్కే నాటిద్దాం," అన్నాడు లోకనాథ్.

"ఎక్కడ నాటిస్తారండీ? ఏటా ఆ గోతిలో మొక్క చచ్చిపోబట్టే కదండీ, నాకు మళ్లీ బేరం తగిలేది. ఇది చావదు కదండీ!"