స్పెషల్‌కి అడ్డం

"లే అప్పలనరసమ్మా, పట్టాల మీంచి లే! స్పెషల్ రైల్లో మా బడా సాహెబు ఉన్నారు. నా ఉద్యోగం ఊడుతుంది."

స్టేషన్ మాస్టరు సుందరరావు బతిమాలుతున్నాడు. రాయపూర్ పోయే కూలీల ప్యాసింజరు స్పెషల్‌కి దారివ్వడానికి పక్క లైన్లో ఆగి ఉంది. అందులోంచి దిగొచ్చిన ఆడవాళ్లు స్పెషల్ ఇంజనుకి అడ్డంగా కూర్చున్నారు.

"మాది రోజూ ఊడతంది బాబూ. ఆలీసమైతే పనిచ్చే ఠేకేదారు వేరేవోళ్లని పెట్టుకుని మమ్మల్ని ఎనక్కి తోలేత్తన్నాడు. మీ సాహెబుని ఎవుడైనా తోల్తాడేటి?"

"నన్నేం చెయ్యమంటావ్? ముందున్నది ఒకటే లైను. ఎవరో ఒకరు ఆగాలి కదా!"

"ఆగాల. కాదన్నానా? ఎప్పుడూ మేమేనేటి?"

కూలీల బండిని ముందు పంపొచ్చన్న ఆలోచన ఇన్నేళ్లలో సుందరరావుకి ఒక్కనాడూ తట్టలేదు.

స్పెషల్ డ్రైవరు టోకెను కోసం చెయ్యి చాచాడు. అది చేతికందనిదే ఏ బండీ కదలకూడదు. సుందరరావు అతన్ని దాటుకుని వెళ్లి, దాన్ని ప్యాసింజరు డ్రైవరుకిచ్చాడు.

"ఎక్కండమ్మా," అన్నాడు ఆడవాళ్లతో.

సుందరరావు పచ్చజెండా ఎత్తాడు. కూలీల బండి కదిలింది. స్పెషల్‌లో సాహెబు కిటికీ తలుపు దభీమని లేచింది.

"కౌన్ హై స్టేషన్ మాస్టర్?"

సుందరరావు పచ్చజెండా దించకుండానే, "మైఁ హూఁ" అన్నాడు.