పరిచయ సంతకం

"మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఒక్కరైనా లేరా పెద్దాయనా?"

మూడో కౌంటరమ్మాయి గొంతులో విసుగు లేదు. ఆశ్చర్యం ఉంది.

"ఉండేవాళ్లమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆ బ్యాంకులో పద్ధతి అది. కొత్తగా ఖాతా తెరవాలంటే, ఈ మనిషిని నేనెరుగుదునని పాత ఖాతాదారు ఒకరు ఫారం మీద రాసివ్వాలి. దాన్ని పరిచయ సంతకం అంటారు.

మిగతా ఫారమంతా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేశాడాయన. చివర తన సంతకం, దాని కింద ఓ గీత, గీత కింద రెండు చుక్కలు.

ఫారానికి జతగా ఇంకో కాగితం ఉంది. అది అప్పుల ఒప్పందం. యంత్రాలు కొని వ్యాపారం పెట్టాడు, నిండా మునిగాడు. నెలనెలా కొంచెం కొంచెం కడితే చాలని అప్పులవాళ్లు చివరికి ఒప్పుకున్నారు. మొదటి వాయిదా పదో తారీఖులోగా ఖాతా నుంచి వెళ్లాలి. వెళ్లకపోతే ఒప్పందం రద్దు. ఉన్న ఒక్క గదీ జప్తు.

ఆ రోజు ఏడో తారీఖు.

"వేరే బ్యాంకులో ఖాతా ఉందిగా?"

"అప్పిచ్చింది వాళ్లేనమ్మా. అందులో జీతం పడటం ఆలస్యం, మొదటి వాయిదా అందేదాకా పాత బాకీ కింద లాగేసుకుంటారు. మందుల గోదాములో లేబుళ్లు అంటిస్తున్నాను. జీతం చేతికివ్వరు, ఖాతాలోనే వేస్తారు. చెక్కు పుస్తకం వద్దు, ఏమీ వద్దు. మామూలు ఖాతా చాలు."

కాస్త ఆగి, "ఒకప్పుడు ఇక్కడే ఉండేది నాకు. మూసేసి అటెళ్లాను," అన్నాడు.

"మూసేసింది లెక్కలోకి రాదండీ."

"రాదులే. తెలుసు."

వెళ్లి మెట్ల కింద బల్ల మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

"కాస్త ఇది నింపి పెడతారా?" అంటూ ఎర్రచొక్కా ఆయనొకడు ఫారం చాపాడు. నింపి ఇచ్చాడు పెద్దాయన. తర్వాత తన ఫారం తీశాడు.

"ఒక్క సంతకం బాబూ."

ఎర్రచొక్కా పెన్ను తీశాడు కూడా. అప్పుల కాగితం కంటబడింది.

"రేపు మీరు కట్టకపోతే నా పీక మీదికొస్తుందేమో!"

"రాదు బాబూ. ఇది హామీ సంతకం కాదు. నేను ఫలానా అని చెప్పడమే."

"అందరూ అలాగే అంటారులెండి."

పెన్ను జేబులోకి వెళ్లిపోయింది.

ఏం జాగ్రత్తో! పరిచయానికీ పూచీకీ తేడా తెలియదు గానీ, జారుకోవడం మాత్రం అందరికీ తెలుసు. మూడు రోజుల్లో పదిహేను మందికి ఫారాలు నింపాడు పెద్దాయన. పదిహేను మందీ ముఖం చాటేశారు.

అమ్మాయికి పాపమనిపించింది. ఆమెకూ అదే బ్యాంకులో ఖాతా ఉంది.

"సార్, నేను పెట్టొచ్చా?" అని మేనేజర్‌ని అడిగింది.

"పెట్టకూడదని రూలేం లేదమ్మా. కాకపోతే కొత్త ఉద్యోగం నీది. ఏదైనా తేడా వస్తే మెడకు చుట్టుకుంటుంది. ఆపైన నీ ఇష్టం."

ఆమె పెన్నుకి మూత పెట్టేసింది.

పదో తారీఖు. షట్టరు సగం దించారు. పెద్దాయన కౌంటరు దగ్గరికొచ్చాడు.

"ఏమన్నా దారుందామ్మా?"

"రూల్స్ ఒప్పుకోవండీ," అంది కంప్యూటర్ వైపు చూస్తూ.

అబద్ధం. ఆయనకీ తెలుసు కాబోలు, ఆమె చేతిలోని పెన్ను వైపే చూశాడు.

"నీదేం తప్పులేదు తల్లీ. ఫారం ఇక్కడే ఉంచుతాను. ఎవరైనా దొరికితే..."

మాట పూర్తి చేయకుండానే వంగి, షట్టరు కింద నుంచి బయటికెళ్లాడు.

పదిహేనో తారీఖున ఒప్పందం కుదిర్చిన ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"ఆయన ఖాతా ఏమైందండీ?"

"తెరవలేదు."

"సరే, రద్దని రాసేస్తాను. గదికి ఎలాగూ సీలు వేసేశారు. సంచీ పట్టుకుని ఎటో వెళ్లిపోయాడట. కబురు చెప్పడానికైనా ఆయనకెవరూ లేరు."

ఆ రోజంతా మెట్ల కింద బల్ల ఖాళీగానే ఉంది.

మరుసటి నెల పాత ఫారాల కట్టలు కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆమె నెత్తిన పడింది. దుమ్ము దులిపి ఒక్కొక్కటే తిప్పుతోంది.

పాలావిడ ఫారం. పరిచయ సంతకం చోట గీత, గీత కింద రెండు చుక్కలు.

తాపీమేస్త్రీది. గీత, రెండు చుక్కలు.

చెప్పులు కుట్టేవాడిది. రెండు చుక్కలు.

గబగబా తిప్పింది. కట్టలో సగం ఆ సంతకమే.

అడుగున ఒక ఫారం మీద చిన్నపిల్ల ఫొటో. రెండు జడలు, ఏడ్చి ఉబ్బిన కళ్లు. ఆ పిల్ల తనే. బడిలో ఇచ్చే స్కాలర్‌షిప్ కోసం అమ్మ తెరిపించిన ఖాతా. ఆ డబ్బుతోనే చదువు, ఆ చదువుతోనే ఈ కుర్చీ.

పరిచయ సంతకం చోటికి చూపు దించడానికి చాలాసేపు పట్టింది.

ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, నా చిన్నప్పటి ఖాతాకి సంతకం ఎవరు పెట్టారమ్మా?"

"ఆయనా? మెట్ల కింద కూర్చుని ఫారాలు నింపేవాడే! పేరైనా తెలీదు మనకి. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లనీ పోయినవాళ్లనీ బతిమాలాను, ఒక్కరూ పెట్టలేదు. ఇక పోదాం పద అంటే నువ్వు ఒకటే ఏడుపు. అప్పుడు లేచొచ్చాడు. మనం అడగనైనా లేదే, తనే వచ్చి పెట్టాడు."